దానం కంటె పాలనం మిన్న

(శివాలయ జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక మహోత్సవ సందర్భమున జరిగిన ధార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉదయం శిఖర కలశం మీద పవిత్ర జలాలు పడుతున్నప్పుడు మనమందరమూ తలలెత్తి పైకి చూశాము. ఆ క్షణంలో కన్ను చెమర్చని వారు లేరు. పదేళ్ల కిందట ఈ విమానం మీద రావి మొక్క మొలిచి గోడను చీల్చింది. వర్షం పడితే అర్ధమండపంలో నీరు నిలిచేది. ఈనాడు అదే కోవెల ఇలా శోభిల్లుతున్నదంటే అది ఒక్కరి పుణ్యం కాదు. కోటి రూపాయల దాత ఉన్నారు. పది రూపాయలు చీరకొంగున ముడి వేసుకుని వచ్చి ఇచ్చిన ముసలమ్మ కూడా ఉన్నది. ఇద్దరి పేర్లూ స్వామివారి లెక్కలో సమానమే.

నన్ను మాట్లాడమన్న విషయం ఆలయ నిర్మాణం కాదు. జీర్ణోద్ధరణకు సమకూరిన నిధిలో ఖర్చులు పోగా కొంత మిగులుతుందనీ, ఆ మిగులుతో గ్రామ యువత చదువుకు, ఊరి ఉమ్మడి మేలుకు ఉపకరించే ఒక ధర్మనిధిని నెలకొల్పాలనీ ధర్మకర్తల మండలివారు సంకల్పించారు. దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. చరిత్ర పాఠాలు చెప్పుకుని బ్రతికినవాడిని కనుక ముందు చరిత్ర చెబుతాను. తరువాత నా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. ఆ పిమ్మట నా మనవి విన్నవించుకుంటాను.

శాసనాలు చెప్పే మాట

మన పూర్వులు సప్తసంతానాలని ఏడింటిని చెప్పారు. కొడుకును కనడం, చెరువు తవ్వించడం, గుడి కట్టించడం, వనం వేయించడం, నిధిని నిక్షేపించడం, అగ్రహారం నిలపడం, కృతిని పొందడం. మనిషి పోయిన తరువాత కూడా అతని పేరు నిలిపేవి ఇవి అని భావం. ఇందులో గుడి, చెరువు, నిధి, బిడ్డ ఒకే వరుసలో ఉన్నాయి. గుడి ఒక సంతానమైతే ఊరి బిడ్డలు మరొక సంతానం. ఈ రోజుల్లో కొడుకుతో పాటు కూతురినీ ఆ లెక్కలో చేర్చుకుంటే పెద్దలు ఆక్షేపించరనే నా విశ్వాసం. ఒక సంతానాన్ని పెంచి మరొకదాన్ని ఎండగట్టమని ఏ పెద్దలూ చెప్పలేదు.

పాలంపేట రామప్ప గుడిని అందరూ ఎరుగుదురు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో దానిని ప్రతిష్ఠించాడు. 2021లో యునెస్కో వారు దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు. అయితే గుడిని చూసి వచ్చేవారు ఒక్కొక్కప్పుడు పక్కనున్న చెరువును మరచిపోతారు. గుడితో పాటు చెరువునూ కట్టించినవాడు ఆ రుద్రుడే. గుడిలో దీపం వెలగాలంటే పొలంలో పంట పండాలి. పంట పండాలంటే చెరువు నిండాలి. ఆలయాన్నీ ఊరి బ్రతుకునూ వేరు చేసి చూడని దృష్టి అది.

ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యం కృష్ణాతీరంలో మల్కాపురం శాసనం. ఇది 1261 నాటిది, రుద్రమదేవి కాలానిది. నేటి ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఏ వెలగపూడిలో ఉన్నదో ఆ వెలగపూడి, దాని పొరుగున ఉన్న మందడం, ఈ రెండు గ్రామాలనూ గోళకీ మఠాధిపతి విశ్వేశ్వర శంభువుకు రుద్రమదేవి దానమిచ్చింది. ఆయన ఆ దానాన్ని ఏమి చేశాడన్నది గమనించదగినది. గుడి కట్టించాడు, మఠం నిలిపాడు, అంతటితో ఆగలేదు. ఆదాయాన్ని భాగాలు చేశాడు. ఒక భాగం స్వామివారి కైంకర్యాలకు. ఒక భాగం మఠానికి, అక్కడ చదువుకునే విద్యార్థుల పోషణకు. ఒక భాగం సత్రానికి, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు. ఏడువందల అరవై ఏండ్ల కిందట, గుడి ఆదాయంలో వాటా పెట్టి పురిటి తల్లులకు ఒక శాల నడిపిన గడ్డ మనది.

ఇంకొక విశేషం. ఆ శాసనం దానాన్ని ఊరకే ప్రకటించి ఊరుకోలేదు. వేదాలు చెప్పే గురువులు ముగ్గురు, వ్యాకరణ తర్క సాహిత్య ఆగమాది శాస్త్రాలు చెప్పేవారు ఐదుగురు, వైద్యుడు ఒకరు, లెక్కలు వ్రాసే కాయస్థుడు ఒకరు అని కొలువుల వారీగా నిర్దేశించింది. గురువుల పక్కన, వైద్యుని పక్కన, లెక్కలు వ్రాసేవానికి కూడా శాసనంలో చోటు దక్కింది. అన్నసత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని వరకు ఎవరు వచ్చినా అన్నం పెట్టాలని విధించింది. ఆ కాలపు భాషలో ఆ కాలపు మాట అది. దాని అర్థం మాత్రం మన కాలానికీ చాలినది. ఆకలికి కులం అడగరాదు.

తమిళ దేశంలోనూ ఇటువంటివి ఉన్నాయి. 11వ శతాబ్దిలో రాజేంద్రచోళుని కాలపు ఎన్నాయిరం శాసనం 340 మంది విద్యార్థుల పోషణకు ఏర్పాటు చేసింది. అదే శతాబ్దిలో వీరరాజేంద్రుని కాలపు తిరుముక్కూడల్ శాసనం ఆలయంలో విద్యార్థులతో పాటు 15 పడకల వైద్యశాలను పేర్కొన్నది. దానిలో వైద్యుని జీతం మొదలు నిలవ ఉంచవలసిన ఔషధాల వరకు అన్నీ లెక్క ప్రకారం ఉన్నాయి.

తిరుపతి వేంకటేశ్వరుని ఆలయ శాసనాలు మరొక పాఠం నేర్పుతాయి. విజయనగర కాలంలో ఒక దాత స్వామివారి శ్రీభండారంలో సొమ్ము జమ చేసేవాడు. ఆలయం వారు ఆ సొమ్మును పెట్టెలో దాచలేదు. ఆలయానికి చెందిన గ్రామాలలో చెరువులు, కాలువలు తవ్వించడానికి వినియోగించారు. దానివల్ల అదనంగా పండిన పంటతో దాత కోరిన నైవేద్యం జరిగేది. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగవ వంతు దాతకు చెందేది. దాతలు తమ భాగాన్ని యాత్రికులకు అన్నం పెట్టే రామానుజకూటాలకు వదలిపెట్టిన సందర్భాలు ఉన్నాయి. 15వ శతాబ్దిలో సాళువ నరసింహుడు అటువంటి కూటాలను నెలకొల్పి కందాడై రామానుజ అయ్యంగారి పర్యవేక్షణలో ఉంచాడు. దాత ఇచ్చిన ఒక్క రూకతో రైతుకు నీరు, స్వామికి నైవేద్యం, బాటసారికి అన్నం. మూడు పనులు జరిగినా మూలధనం మాత్రం కరగలేదు.

ఆ సంప్రదాయం పూర్తిగా తెగిపోలేదు. 1933లో ఏర్పడిన తిరుమల తిరుపతి దేవస్థానం పాలకవర్గం 1945లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర కళాశాలను స్థాపించింది. 1985లో మొదలైన తిరుమల నిత్యాన్నదానానికి భక్తులిచ్చిన విరాళాలను బ్యాంకులలో వేసి, ఆ వడ్డీతో అన్నం పెట్టే పద్ధతిని అనుసరించారు. కొండంత దేవునితో మన చిన్న కోవెలను పోల్చడం లేదు. పద్ధతి మాత్రం పెద్దదానికీ చిన్నదానికీ ఒక్కటే.

దానశాసనాల చివర శాపవాక్యాలు ఉంటాయని మీలో చాలామంది వినే ఉంటారు. ఒకరిచ్చిన భూమిని హరించినవాడు అరవై వేల ఏండ్లు పురుగై పుడతాడని వాటిలో ఉంటుంది. అందరూ ఈ శాపాన్నే చెప్పుకుంటారు. దానికి ముందు ఒక మంచి మాట ఉంటుంది, దానిని తక్కువమంది తలుస్తారు. దానం చేయడం, దానిని పాలించడం, ఈ రెండింటిలో పాలించడమే శ్రేష్ఠమని ఆ మాట. దానం చేసినవానికి స్వర్గం, కాపాడినవానికి చ్యుతి లేని పదం లభిస్తాయని ఆ మాటకు ఫలశ్రుతి. తానిచ్చినదాని కంటె పరులిచ్చినదాన్ని రక్షిస్తే పుణ్యం రెట్టింపు అని కూడా చెప్పారు. రాతి మీద చెక్కించిన రాజులకు తెలుసు. ఇవ్వడం ఒక పూట పని. నిలపడం తరతరాల పని.

మా తమ్ముని కథ

ఇప్పుడు నా ఇంటి సంగతి. సభలో చెప్పుకోవలసినది కాదేమో. అయినా ఈ విషయానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ నాకు లేదు.

నేను ఈ ఊరి బడిలో చదువు ముగించుకుని పట్నానికి వెళ్లినది 1973లో. మా నాయనకు రెండెకరాల మెట్ట. పట్నంలో గది అద్దెకు తీసుకుని చదివించే శక్తి లేదు. మా ముందు తరం వారు వారాలు చేసుకుని చదువుకున్నారు. సోమవారం ఒకరింట, మంగళవారం ఒకరింట భోజనం. నా నాటికి ఆ పద్ధతి సన్నగిల్లింది. నన్ను ఆదుకున్నది ఆ పట్నంలోని ఒక సత్రం. ఎన్నడో ఒక పుణ్యాత్ముడు ఇరవై మంది పేద విద్యార్థులకు రెండు పూటలా అన్నం పెట్టమని మాగాణి వ్రాసి ఇచ్చి వెళ్లాడు. ఆయన ముఖం నేను చూడలేదు. ఆయన పటానికి నమస్కరించి విస్తరి ముందు కూర్చునేవాళ్లం.

నేను చేరేనాటికే ఇరవై మంది పన్నెండుగురైనారు. పొలం ఉన్నది, కౌలుదారులు ఉన్నారు, కౌలు మాత్రం ఎప్పుడో నిర్ణయించినదే. బియ్యం ధర పెరిగింది, పప్పు ధర పెరిగింది, కౌలు పెరగలేదు. గట్టు జరిగి కొంత నేల పక్క పొలాల్లో కలిసిపోయింది. ఎవరూ కొలిపించలేదు. లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉన్నదో ఎవరికీ తెలియదు. నా రెండవ సంవత్సరంలో రాత్రి భోజనం నిలిచిపోయింది. వంటమనిషి కళ్లనీళ్లు పెట్టుకుని, పగటి అన్నంలో ఇంత మజ్జిగ పోసి దాచి ఉంచేది. ఆ మజ్జిగ అన్నంతో నేను పరీక్ష గట్టెక్కాను.

నా వెనుక రెండేళ్లకు మా తమ్ముడు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని అదే సత్రానికి వెళ్లాడు. తలుపుకు తాళం ఉన్నది. ఆ అరుగు మీద ఒక రాత్రి పడుకుని, తెల్లవారి మొదటి బస్సుకు ఇంటికి తిరిగి వచ్చాడు. మార్కులలో నా కంటె వాడే మిన్న. మరుసటి రోజు నాగలి పట్టాడు.

ఆ సత్రాన్ని దొంగ ఎవరూ దోచుకోలేదు. ఎవరి మీదా నేను నేరం మోపడం లేదు. దాత మంచివాడే. కౌలుదారులూ చెడ్డవారు కారు. ధర్మకర్తలు ఉత్సవాలకు వచ్చి మాలలు వేసి వెళ్లిన మర్యాదస్తులే. అయినా ధర్మం ఆగిపోయింది. దానం చేసినవాడు ఉన్నాడు, పాలించేవాడు లేకపోయాడు. అంతే.

మా తమ్ముడు ఈ సభలోనే, వెనుక వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. ఈ ప్రాకారానికి ఇసుక, కంకర తోలిన ట్రాక్టరు వాడిదే. కిరాయి తీసుకోలేదు. నాకు చదువు దక్కి, వాడికి దక్కకపోవడంలో మా ఇద్దరి ప్రతిభకు ఏ సంబంధమూ లేదు. రెండేళ్ల తేడా, ఒక తాళం కప్ప, ఇవే కారణం.

నిధికీ జీర్ణోద్ధరణ కావాలి

ఆలయానికి పన్నెండేండ్లకొకసారి కుంభాభిషేకం చేయడం మన సంప్రదాయం. బాలాలయం కట్టి, కళాకర్షణ చేసి, మూలమూర్తి అడుగున అష్టబంధనం సరిచేసి, మరల శక్తిని ఆవాహన చేస్తాము. తిరుమలలో 2018 ఆగస్టులో జరిగిన అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ కూడా ఈ పన్నెండేండ్ల నియమం ప్రకారం జరిగినదే. రాతి విగ్రహానికే పునఃసంస్కారం అవసరమని ఆగమం చెబుతుంటే, కాగితం మీది డబ్బుకు అవసరం లేదా?

ఒక చిన్న లెక్క చూడండి. లక్ష రూపాయలు బ్యాంకులో వేశామనుకుందాం. ఏడు శాతం వడ్డీ వస్తే ఏడాదికి 7,000 రూపాయలు. ఆ మొత్తాన్నీ ఏటా విద్యార్థి సహాయంగా ఇచ్చివేశామనుకుందాం. ధరలు ఏటా ఆరు శాతం చొప్పున పెరిగితే, పన్నెండేండ్లకు ఆ 7,000 రూపాయల విలువ ఈనాటి 3,500 రూపాయలకు సమానమవుతుంది. ఇరవై నాలుగేండ్లకు అందులో సగం. లక్ష లక్షగానే ఉంటుంది, రసీదు భద్రంగా ఉంటుంది, దాత పేరు పలక మీద మెరుస్తూ ఉంటుంది. దానితో పిల్లవానికి నోటుపుస్తకాలు కూడా రావు. బడులలో ఎవరెవరి జ్ఞాపకార్థమో పెట్టిన నగదు బహుమతులు ఈనాడు కలం ఖరీదుకు కూడా చాలకపోవడం మీరందరూ చూసినదే.

దీనికి విరుగుడు మన పూర్వులకు తెలుసు. చెరువు తవ్వించిన వానికి, లేదా మరమ్మతు చేసే వానికి దశబంధం ఇచ్చేవారు. ఆ చెరువు కింది భూమిలోనో పంటలోనో పదవ వంతు వంటి ఒక భాగం కేటాయించేవారు. గండి పడిన తరువాత చందాలకు తిరగడం కాదు. చెరువు పుట్టిన నాడే దాని మరమ్మతుకు వనరు ఏర్పరచడం. మన ధర్మనిధికీ అటువంటి దశబంధం కావాలి. నా మనవి ఇది. వచ్చిన వడ్డీలో మూడవ వంతు ఏటా మూలధనంలోనే చేర్చండి. నేను చెప్పిన లెక్క ప్రకారమే, పన్నెండేండ్లలో సగమయ్యే విలువ సుమారు ఇరవై ఏండ్ల వరకు నిలుస్తుంది. మిగిలిన తరుగును ఏటేటా కొత్త విరాళం పూడ్చాలి. శివరాత్రి నాటి హుండీలో ఒక భాగమో, పంట ఇంటికి వచ్చిన నాడు ఎకరానికి ఇంత అనో మీరే నిర్ణయించుకోండి. పన్నెండేండ్లకు మరల కుంభాభిషేకం వచ్చేనాటికి, కలశానికి జలం పోసే ముందు ఈ నిధి లెక్కను సభలో చదవండి. తరిగి ఉంటే నింపండి. అదే నిధికి అష్టబంధనం.

మనం చేయవలసినవి

రెండవ మనవి, సహాయం ఎవరికి, ఎందుకు అన్నది ముందే వ్రాసిపెట్టండి. పదవ తరగతి తరువాత చదువు ఆగిపోయే పిల్లల మీద మొదటి దృష్టి ఉంచండి. బస్సు పాసు, వసతిగృహపు రుసుము, పరీక్ష రుసుము, ఈ చిన్న మొత్తాల దగ్గరే మన పిల్లల చదువు తెగిపోతున్నది. ఆడపిల్లకు ముందు ఇవ్వండి. ఇంటిలో డబ్బు చాలకపోతే మొదట ఆగేది ఆమె చదువే. కులం అడగవద్దు. ఏడున్నర శతాబ్దాల కిందటి శాసనం అన్నానికి అడగనిదాన్ని మనం చదువుకు అడిగితే సిగ్గుచేటు.

మూడవది, ఎంపిక ఒకరి చేతిలో ఉంచవద్దు. బడి ప్రధానోపాధ్యాయులు ఒకరు, స్వయం సహాయక సంఘాల నుంచి ఒక సోదరి, ఇదివరకు సహాయం పొంది చదువుకున్న వారిలో ఒకరు, ధర్మకర్తల నుంచి ఒకరు ఉంటే చాలు. తమ బంధువుల దరఖాస్తు వచ్చిన రోజు ఆ సభ్యులు లేచి బయట కూర్చోవాలి. డబ్బు విద్యార్థి బ్యాంకు ఖాతాకే చేరాలి. వేదిక మీద నిలబెట్టి, శాలువ కప్పి, ఛాయాచిత్రం తీసి ఇవ్వవద్దు. పేదరికాన్ని ఊరేగించడం ధర్మం కాదు. నేను ఆ సత్రంలో తిన్న అన్నానికి ఎవరూ నా ఫోటో తీయలేదు. అందుకే అది ఈనాటికీ నాకు రుచిగానే గుర్తున్నది.

నాలుగవది, లెక్క. ఆలయం నిధి వేరు, ఈ ధర్మనిధి వేరు. ఖాతా వేరుగా, తనిఖీ వేరుగా ఉండాలి. ఆలయాల ఆస్తులకు 1987 నాటి ధార్మిక, ధర్మాదాయ సంస్థల చట్టం వర్తిస్తుంది కనుక మిగులు నిధిని మళ్లించే ముందు దేవాదాయ శాఖవారి అనుమతి విషయం న్యాయవాదిని అడిగి సరిచూసుకోండి. విదేశాలలో ఉన్న మన బిడ్డలు ఉత్సాహంగా పంపుతామంటున్నారు. సంతోషం. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు. ఆ దేశపు పౌరసత్వం తీసుకున్నవారు పంపేది మాత్రం చట్టం దృష్టిలో విదేశీ విరాళం. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గాని అనుమతి గాని లేకుండా దానిని స్వీకరించరాదు. మంచి పని చేయబోయి తెలియక చిక్కుల్లో పడవద్దని ముందుగా చెబుతున్నాను. ఏటా ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఆదాయ వ్యయాలు వింటాము కదా. ఆ రాశుల లెక్కతో పాటు, అదే మండపంలో ఈ నిధి ఆదాయ వ్యయాలు కూడా చదివి వినిపించండి. ప్రతి ఒక్కరూ చెవి ఒగ్గి వింటారు.

ఐదవది, డబ్బు లేకుండా జరిగే పని. ఈ కొత్త మండపం ఉదయం పూజ ముగిసిన తరువాత సాయంకాల దీపారాధన దాకా ఖాళీగా ఉంటుంది. నాలుగు దీపాలు, రెండు పంకాలు, గోడవార ఒక పుస్తకాల బీరువా ఏర్పాటు చేస్తే ఇంటిలో చదువుకునే చోటు లేని పిల్లలకు ఇదే విద్యామండపం. పోటీ పరీక్షల పుస్తకాలు ఒక్కొక్కరూ కొనలేరు. పదిమందికి కలిపి ఒక్క ప్రతి చాలు. వేసవిలో కోలాటం, చెక్కభజన నేర్పే పెద్దలు మన ఊరిలో ఇంకా ఇద్దరు ముగ్గురు మిగిలి ఉన్నారు. వారి కాళ్లలో శక్తి ఉండగానే పిల్లలకు నేర్పించండి. కబడ్డీ బరిని బాగుచేయండి. పల్లకి మోయడానికి మాత్రమే యువకుల భుజాలు గుర్తుకు వస్తే, పండుగ మరునాడు వారు మనకు గుర్తు ఉండరు. మనం వారికీ గుర్తు ఉండము.

యువతకు ఒక మాట

నా ఎదుట కూర్చున్న యువతీయువకులారా, ఈ నిధి మీకు భిక్ష కాదు. ఇది మీ ముందు తరాల వారు మీ పేరున వ్రాసిన వీలునామా. దీనిని తీసుకున్నవారు డబ్బు తిరిగి చెల్లించనక్కరలేదు. సెలవులకు ఊరికి వచ్చినప్పుడు ఈ మండపంలో కూర్చుని చిన్నపిల్లలకు గంటసేపు లెక్కలు చెప్పండి. ఉద్యోగం వచ్చిన నాడు మొదటి జీతం నుంచి ఎంతో కొంత ఈ మూలధనంలో చేర్చండి. అన్నిటికంటె ముఖ్యంగా, ధర్మకర్తలను లెక్క అడగండి. వినయంగా అడగండి, కాని తప్పక అడగండి. ఆ సత్రంలో అన్నం తిన్న మా పన్నెండుగురిలో ఒక్కరమైనా ఆనాడు లెక్క అడిగి ఉంటే ఆ తలుపుకు తాళం పడేది కాదేమో. పెట్టే చేతిని ప్రశ్నించడం కృతఘ్నత అనుకున్నాము. అది పొరపాటు. పరులిచ్చిన దానాన్ని రక్షించడం రెట్టింపు పుణ్యమని పెద్దలు చెప్పిన మాటకు లెక్క అడగడమే మొదటి మెట్టు.

ధర్మకర్తల మండలివారికి నా కృతజ్ఞతలు. మిగిలిన సొమ్ముతో ధ్వజస్తంభానికి మరింత మందమైన తొడుగు వేయించవచ్చు. రాజగోపురానికి మరొక అంతస్తు లేపవచ్చు. ఎవరూ తప్పుపట్టరు, చూసినవారందరూ మెచ్చుకుంటారు. ఆ మెప్పును వదులుకుని, కంటికి కనిపించని పనికి పూనుకున్నారు. స్వామివారు తప్పక కనిపెడతారు.

ఈ ఉదయం కలశాభిషేకం వేళ అందరమూ పైకి చూశామని మొదట చెప్పాను. పిల్లలు మాత్రం పైకి చూడలేదు. కింద పడుతున్న నీటి చుక్కల కోసం దోసిళ్లు పట్టి నిలబడ్డారు. ఆ దోసిళ్లు ఖాళీగా పోకుండా చూడడమే ఇక మీదట మన కైంకర్యం. ఈ ఊరి బిడ్డ ఎవరూ ట్రంకుపెట్టెతో వెళ్లి, తాళం వేసిన తలుపు ముందు ఒక రాత్రి గడపకుండును గాక.

స్వస్తి.